టామ్ అండ్ జెర్రీ పాత కార్టూన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలువి ఏవి, ఎన్ని, పిల్లలకు చూపించొచ్చా, ఎనభై ఏళ్ళ నాటి పిల్లీ ఎలుకా ఇప్పటికీ ఎందుకు నవ్విస్తాయి... తిరిగి తిరిగి ఇవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట చేర్చాం. ఇక్కడ "పాతవి" అంటే విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఇద్దరూ హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా సినిమా హాళ్ళ కోసం తీసినవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మొత్తం ఎన్ని ఉన్నాయి? ఒక్కో చోట ఒక్కో లెక్క చెప్తున్నారేంటి?

హన్నా, బార్బెరా తీసినవి 114. ఆ తర్వాత 1961-62లో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో 13 తీశాడు. 1963 నుంచి 1967 వరకు చక్ జోన్స్ 34 తీశాడు. హాళ్ళలో ఆడినవి అన్నీ కలిపితే 161. చాలా ఏళ్ళకు విడిగా వచ్చిన ఒకటి రెండు చేర్చుకుని 162, 163 అనేవాళ్ళూ ఉన్నారు. 1975 నుంచి టీవీ కోసం తీసిన సిరీస్‌లు కూడా కలిపేస్తే ఇక ఆ లెక్కకు అంతు ఉండదు.

పేర్లు చూడకుండా గుర్తుపట్టాలంటే: టామ్ కనుబొమలు మరీ దట్టంగా, జెర్రీ చెవులు పెద్దగా ఉంటే అది చక్ జోన్స్‌ది. చప్పుళ్ళు నూతిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తే జీన్ డైచ్‌ది. ఇల్లు, సోఫా, తివాచీ నిండుగా రంగులద్ది ఉండి, వెనకాల పెద్ద ఆర్కెస్ట్రా ఊపిరి సలపకుండా మోగుతుంటే అది అసలైన 114లో ఒకటని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

అన్నీ చూసే ఓపిక లేదు. ముందు ఏవి చూడాలి?

1943-1952 మధ్యవి పట్టుకోండి. అంతకు ముందువి కాస్త నిదానం, తర్వాతివాటిలో చాలా వరకు పొదుపు కనిపిస్తుంది. తొలి వరుసలో "మౌస్ ట్రబుల్" (1944), "ద మిలియన్ డాలర్ క్యాట్" (1944), "సాలిడ్ సెరినేడ్" (1946), "ద క్యాట్ కన్సర్టో" (1947), "ద లిటిల్ ఆర్ఫన్" (1949) చాలు. ఒక్కటే చూస్తామంటే "మౌస్ ట్రబుల్". ఎలుకను పట్టడం ఎలా అనే పుస్తకం తెప్పించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు పాటించి, పుస్తకంలోని ప్రతి పాఠానికీ దెబ్బ తింటాడు టామ్.

మొదటి దాంట్లో పిల్లి పేరు టామ్ కాదట, నిజమా?

నిజమే. 1940 ఫిబ్రవరి 10న విడుదలైన "పస్ గెట్స్ ద బూట్"లో పిల్లి పేరు జాస్పర్. ఎలుకను సినిమాలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అది ఆడాక జోడీకి సరైన పేర్లు కావాలని స్టూడియో ఉద్యోగుల మధ్య పోటీ పెట్టారు. జాన్ కార్ అనే యానిమేటర్ ఇచ్చిన "టామ్ అండ్ జెర్రీ" నెగ్గింది. బహుమతి 50 డాలర్లు. 1941లో వచ్చిన రెండో కార్టూన్ "ద మిడ్‌నైట్ స్నాక్" నుంచి ఇవే పేర్లు.

1931 నాటి టామ్ అండ్ జెర్రీ అని వెతికితే ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు. వాళ్ళెవరు?

వాళ్ళకూ పిల్లీ ఎలుకకూ సంబంధం లేదు. వాన్ బ్యూరెన్ అనే స్టూడియో 1931-33 మధ్య ఒక పొడుగాయన, ఒక పొట్టాయనతో నలుపు తెలుపులో తీసిన కార్టూన్లవి. కాకతాళీయంగా బార్బెరా తన తొలినాళ్ళలో అదే స్టూడియోలో పనిచేశాడు.

చివరి ఎపిసోడ్‌లో ఇద్దరూ రైలు పట్టాల మీద కూర్చుని చనిపోతారట కదా?

ఆ దృశ్యం ఉంది. కానీ అది చివరిది కాదు. "బ్లూ క్యాట్ బ్లూస్" 1956లో వచ్చింది. ప్రేమలో దెబ్బతిన్న టామ్ కథను జెర్రీ చెప్తుంటాడు. చివరికి ఇద్దరూ పట్టాల మీద కూర్చుంటే రైలు కూత వినిపిస్తుంది, అంతటితో ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా సిరీస్ నడిచింది. 114లో ఆఖరిది 1958లో వచ్చిన "టాట్ వాచర్స్". అందులో ఇద్దరూ కలిసి, పాకుతూ పారిపోయే ఓ చంటిపిల్లాడిని కాపాడే పనిలో ఉంటారు. అయితే చిన్నపిల్లలకు చూపించేవాళ్ళు "బ్లూ క్యాట్ బ్లూస్"ను పక్కన పెట్టడమే మంచిది. ఏ దెబ్బా లేకపోయినా మొత్తంలో మనసును కుంగదీసేది అదొక్కటే.

ఆస్కార్లు ఎన్ని వచ్చాయి?

ఏడు. "ద యాంకీ డూడుల్ మౌస్", "మౌస్ ట్రబుల్", "క్వైట్ ప్లీజ్", "ద క్యాట్ కన్సర్టో", "ద లిటిల్ ఆర్ఫన్", "ద టూ మౌస్కెటీర్స్", "యోహాన్ మౌస్". నామినేషన్లు 13. వేదికెక్కి ఆ బొమ్మలు అందుకున్నది మాత్రం హన్నా, బార్బెరా కాదు, నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. ఆనాటి పద్ధతి అదే.

## చూస్తున్నప్పుడు వచ్చే సందేహాలు

దెబ్బలు తప్ప ఏమీ లేదు కదా, మరి నవ్వెందుకు వస్తుంది?

ఇలా దెబ్బలతో నవ్వించే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. ఆ మాటలోనే కొంత జవాబుంది. పాతకాలపు ఇటలీ నాటకాల్లో హాస్యగాడి చేతిలో రెండు పలకలు జోడించిన కర్ర ఉండేది. మెల్లగా తగిలించినా పలకలు రెండూ ఒకదానికొకటి కొట్టుకుని ఫట్‌మనేవి. చప్పుడు పెద్దది, దెబ్బ చిన్నది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడికి తన్నులు పడేటప్పుడు తెర వెనక మోగే చెక్క చేసే పని కూడా ఇదే. చూసేవాడికి నొప్పి చేరదు, చప్పుడు మాత్రమే చేరుతుంది.

మిగతా జవాబు, ఏది చూపించకుండా వదిలేశారన్నదాంట్లో ఉంది. "మౌస్ ట్రబుల్"లో టామ్ ఒక గిఫ్టు పెట్టెలో దాక్కుంటాడు. జెర్రీ వచ్చి పెట్టె మీద తడతాడు. ఉలుకూ పలుకూ ఉండదు. సూదులు గుచ్చుతాడు. పెట్టె కదలదు. రంపం తెచ్చి దాన్ని మధ్యకు కోసేస్తాడు. ఆ తర్వాత లోపలికి తొంగి చూసి, ఒక్క గుటక మింగి, మన వైపు తిరిగి "హాల్లో డాక్టరెవరైనా ఉన్నారా?" అని రాసిన అట్ట పట్టుకుంటాడు. ఆ కోత కోస్తున్నంతసేపూ తెర మీద పిల్లి లేదు. ఒక పెట్టె, ఒక రంపం, ఒక ఎలుక ముఖం, అంతే. లోపల ఏం జరిగిందో మన బుర్రలో మనమే గీసుకుంటాం. నవ్వు పుట్టేది రంపం దగ్గర కాదు, ఆ గుటక దగ్గర. అనుమానముంటే ఆ గుటక ముక్క తీసేసి ఊహించుకోండి, మిగిలేది వట్టి క్రూరత్వం.

కొండ అంచు దాటాక గాల్లో ఆగి, కిందికి చూసుకున్నాకే పడతారెందుకు?

ఆ ఆగడం లేకపోతే అది ప్రమాదం అవుతుంది, హాస్యం కాదు. పడబోతున్న సంగతి ముందు మనకు తెలుస్తుంది, తర్వాత పాత్రకు తెలుస్తుంది. ఆ రెండింటి మధ్య సందులోనే నవ్వు.

ఆ సందును ఫ్రేముల్లో, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మల లెక్కలో కొలిచేవాళ్ళు. ఇక్కడ టామ్ కంటే మంచి ఉదాహరణ వార్నర్ బ్రదర్స్ వారి కొయోటీ. రోడ్ రన్నర్ వెంటపడి లోయలో పడే ఆ నక్కలాంటి జంతువును 1949లో చక్ జోన్స్ మొదలుపెట్టాడు. కొయోటీ పడుతూ చుక్కంతై కనుమరుగవడానికి 18 ఫ్రేములు, ఆ తర్వాత నేల తాకి దుమ్ము లేవడానికి 14 ఫ్రేములు అని ఆయన లెక్క. పదమూడైనా పదిహేనైనా నవ్వు రాదనేవాడు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి అటూ ఇటూ ఒక్క ఫ్రేము తేడా అంటే సెకనులో 24వ వంతు. అతిశయోక్తిగా అనిపిస్తుంది గానీ, ఆ దృశ్యాన్ని కొద్దిగా వేగం మార్చి చూస్తే ఆయన మాట నిజమేననిపిస్తుంది.

మాటలు దాదాపు లేవు కదా, టామ్ కేకలు ఎవరివి?

గుండె గుభేల్‌మనే ఆ కేక విలియం హన్నా గొంతు. దెబ్బ తిన్న వెంటనే కేక వస్తే మామూలుగా ఉంటుంది. చాలా చోట్ల ముందు ముఖం ఎర్రబడుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి, ఆ తర్వాతే కేక. టామ్ అస్సలు మాట్లాడడనుకోవద్దు. "సాలిడ్ సెరినేడ్"లో వయొలిన్‌లాంటి పెద్ద బేస్ వాయిద్యం పట్టుకుని పూర్తి పాట పాడతాడు. మాటల్లేకపోవడం వల్ల కలిగిన మేలు మనకు తెలుసు: 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చినప్పుడు ఇంగ్లిష్ ముక్క రాని ఇళ్ళలో కూడా తాతామనవళ్ళు కలిసి చూడగలిగినవి ఇవే.

మ్యూజిక్ ప్రతి అడుగుకీ అంత కచ్చితంగా ఎలా కలుస్తుంది?

బొమ్మలు గీసిన తర్వాత మ్యూజిక్ అతికించలేదు. రెంటికీ లెక్క ముందే వేశారు. హన్నా ప్రతి కదలికకూ ఎన్ని ఫ్రేములో సంగీతం కాగితంలాంటి బార్ షీట్ల మీద రాసుకునేవాడు. ప్రతి 12 ఫ్రేములకు ఒక దరువు అనుకుంటే నిమిషానికి 120 దరువులు. మామూలు నడకకు అది సరిపోతుంది. ప్రతి 8 ఫ్రేములకు ఒకటి అంటే నిమిషానికి 180, ఇక పరుగే. దాని ప్రకారం యానిమేటర్లు గీసేవాళ్ళు, అదే లెక్క మీద స్కాట్ బ్రాడ్లీ స్వరాలు కట్టేవాడు. వాద్యగాళ్ళు చెవుల్లో టిక్ టిక్ వింటూ వాయించేవాళ్ళు.

114లో దాదాపు అన్నిటికీ సంగీతం బ్రాడ్లీదే. వినడానికి జోకులా ఉంటుంది గానీ వాయించేవాళ్ళకు చెమటలు పట్టించే పని. "పుట్టిన్ ఆన్ ద డాగ్" (1944)లో కుక్క తల తొడుక్కుని జెర్రీ పరిగెత్తే చోట, ఆనాటి అత్యాధునిక పాశ్చాత్య సంగీతంలోని పన్నెండు స్వరాల వరసను పికలో అనే చిన్న వేణువు మీద వాయించి, అదే వరసను బసూన్ అనే మంద్రంగా మోగే ఊదే వాద్యం మీద వెనక నుంచి ముందుకు తిప్పాడు. కచేరీ హాల్లో వినిపిస్తే సగం మంది లేచిపోయే సంగీతాన్ని పిల్లలు పాప్‌కార్న్ తింటూ వినేశారు.

"క్యాట్ కన్సర్టో"లో టామ్ వేళ్ళు నిజంగా సరైన మెట్ల మీదే పడతాయా?

చాలా వరకు అవును. ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకర్త పియానో కోసం కట్టిన రెండో హంగేరియన్ రాప్సొడీ అది. పై స్థాయి స్వరాలకు చెయ్యి ఎడమకు, కింది స్థాయి స్వరాలకు కుడికి పోవడం లాంటి తప్పులు కనిపించవు. పియానో నేర్చుకున్నవాళ్ళు చప్పుడు తగ్గించి చేతుల్ని మాత్రమే చూస్తే మరింత బాగుంటుంది. అదే రోజుల్లో వార్నర్ వాళ్ళు తమ కుందేలు బగ్స్ బన్నీతో అదే రాప్సొడీ మీద "రాప్సొడీ రాబిట్" తీశారు. మా ఐడియా మీరు కొట్టేశారంటే మీరు కొట్టేశారని రెండు స్టూడియోలూ అనుకున్నాయి.

ఎప్పుడూ జెర్రీయే గెలుస్తాడా?

లేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న మన సామెతను తిరగేసినట్టే ఎక్కువ సార్లు నడుస్తుంది గానీ అదే రూలు కాదు. "ద మిలియన్ డాలర్ క్యాట్"లో ఏ ప్రాణికీ హాని చెయ్యకూడదన్న షరతు మీద టామ్‌కు పది లక్షల డాలర్లు వస్తాయి. ఎలుకకు కూడా చెయ్యకూడదు. జెర్రీ ఆ షరతు చూసుకుని రెచ్చిపోతాడు. చివరికి టామ్ డబ్బు పోతే పోయిందని ఎలుకను చితకబాదుతాడు. జెర్రీ ఊరికే తన దారిన పోతున్నప్పుడు టామ్ వెంటపడితే మన సానుభూతి ఎలుకకు. జెర్రీయే కావాలని గోకితే పిల్లికి. ఎవరు మొదలుపెట్టారన్నది తొలి నిమిషంలోనే తేలిపోతుంది, అక్కడ కళ్ళు తిప్పుకోకండి.

ఆపి చూస్తే టామ్‌కు నాలుగు కాళ్ళూ సాగిన ముఖమూ కనిపిస్తున్నాయి. వీడియో పాడైందా?

పాడవలేదు. అది కావాలని గీసింది. బాగా వేగంగా కదిలేటప్పుడు ఉన్న చోటు నుంచి వెళ్ళే చోటు దాకా బొమ్మను ఒకే చారగా సాగదీస్తారు, లేదా కాళ్ళు రెండు మూడు జతలు గీస్తారు. తెర మీద అది ఒకటి రెండు ఫ్రేములే ఉంటుంది. కన్ను దాన్ని బొమ్మగా పట్టుకోలేదు, వేగంగా మాత్రమే తీసుకుంటుంది. ఇలాంటివి వెతకాలంటే యూట్యూబ్‌లో వీడియో ఆపి, కంప్యూటర్ కీబోర్డు మీద చుక్క మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు, కామా నొక్కితే వెనక్కి వెళ్తుంది.

## ఎలా తీశారు

ఏడు నిమిషాల కార్టూన్‌కు ఎన్ని బొమ్మలు గీయాలి?

ఏడు నిమిషాలంటే 420 సెకన్లు. సెకనుకు 24 చొప్పున 10,080 ఫ్రేములు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు పడతాయి కాబట్టి 630 అడుగుల రీలు. అన్ని ఫ్రేములకూ కొత్త బొమ్మ అక్కర్లేదు. మామూలు కదలికకు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. పరుగులు, దెబ్బల దగ్గర ఫ్రేముకొకటి గీస్తారు. టామ్ ఒక పారదర్శకమైన షీటు మీద, జెర్రీ ఇంకో దాని మీద ఉంటే లెక్క మళ్ళీ పెరుగుతుంది. పెన్సిల్ బొమ్మను సెల్ అనే ఆ పారదర్శక షీటు మీదికి ఇంకుతో దించి, వెనక వైపు నుంచి రంగు నింపేవాళ్ళు. ముందు వైపు గీత చెదరకుండా ఉండేది అందుకే. ఆ ఇంకు, రంగుల విభాగంలో ఎక్కువగా ఆడవాళ్ళే పనిచేసేవాళ్ళు. వాళ్ళ పేర్లు తెర మీద వేసేవారు కాదు.

హన్నా, బార్బెరా ఇద్దరిలో ఎవరి పని ఏది?

బార్బెరా కథ, గ్యాగులు (నవ్వు పుట్టించే చిన్న చిన్న ఘట్టాలు) ఆలోచించి వరసగా స్కెచ్‌లు వేసేవాడు. ముఖంలో ఏ భావం ఉండాలో ఆ స్కెచ్‌లోనే తేలిపోయేది. హన్నా వాటిని సమయంలోకి కొలిచి యానిమేటర్లకు అప్పగించేవాడు. గీసినవాళ్ళలో కెన్ మ్యూస్, ఇర్వెన్ స్పెన్స్, ఎడ్ బార్జ్, రే పాటర్సన్ ముఖ్యులు. ఇంకో మనిషి ప్రభావమూ చెప్పుకోవాలి. అదే స్టూడియోలో పక్క యూనిట్ నడిపిన టెక్స్ ఏవరీ. కళ్ళు బయటికి పొడుచుకురావడం, దవడ నేలకు జారడం లాంటి దూకుడంతా ఆయనది. ఆయన ఎం.జి.ఎం.కు వచ్చాక 1943 నుంచి టామ్ అండ్ జెర్రీ వేగం పెరగడం కళ్ళకు కడుతుంది. బొచ్చు ఎక్కువగా ఉండి నాలుగు కాళ్ళ మీద నడిచే తొలి టామ్ కూడా క్రమంగా నున్నబడి రెండు కాళ్ళ మీదికి వచ్చాడు.

తర్వాతి వాటిలో ఆ మజా ఎందుకు లేదు?

డబ్బు, సమయం. పాత కార్టూన్లనే మళ్ళీ విడుదల చేసినా కొత్తవాటికి దరిదాపుగా డబ్బు వస్తోందని లెక్క తేలడంతో ఎం.జి.ఎం. 1957లో కార్టూన్ స్టూడియో మూసేసింది (అప్పటికే తీసి ఉంచినవి 1958 దాకా విడుదలయ్యాయి). టీవీకి మారాక వారానికో ఎపిసోడ్ ఇవ్వాలి. ఒళ్ళు కదలకుండా నోరు, చెయ్యి మాత్రమే కదిపి, మిగతా భారం మాటల మీద వేశారు. మాటల హాస్యానికి అది సరిపోతుంది. దెబ్బ తినడానికి ముందు ఒళ్ళంతా కుంచించుకుపోయే హాస్యానికి సరిపోదు. జీన్ డైచ్‌ను అందరూ తిడతారు గానీ, తక్కువ బడ్జెట్‌లో, అమెరికాకు దూరంగా, కొత్త బృందంతో తీశాడని గుర్తుపెట్టుకుంటే ఆ తిట్లలో సగం తగ్గించుకోవచ్చు.

## టీవీ, డీవీడీ, నెట్

మా టీవీలో తలలు, కాళ్ళు తెగిపోయి కనిపిస్తున్నాయి. ఎందుకు?

పాత కార్టూన్లు దాదాపు చదరంగా ఉండే చట్రంలో తీసినవి. వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు మాత్రమే. ఇప్పటి టీవీ వెడల్పు 1.78 రెట్లు. బొమ్మను తెర నిండా సాగదీస్తే టామ్ లావవుతాడు, జూమ్ చేస్తే పైనా కిందా తెగుతుంది. టీవీ సెట్టింగుల్లో 4:3 పెట్టుకోండి. పక్కన నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. 1954 నుంచి సినిమాస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతిలో తీసినవి మాత్రం నిజంగానే వెడల్పువి. వాటికి పట్టీలు పైనా కిందా రావాలి.

అదే కార్టూన్ ఒకచోట 7 నిమిషాలు, ఇంకోచోట 6 నిమిషాల 43 సెకన్లు. కత్తిరించారా?

కత్తిరించకపోవచ్చు. మన దగ్గర వాడిన పాల్ పద్ధతి టీవీ సెకనుకు 25 ఫ్రేములు చూపిస్తుంది. 24 ఫ్రేముల ఫిల్మును అందులో నడిపితే 4 శాతం వేగం పెరిగి 420 సెకన్లది 403 సెకన్లలో అయిపోతుంది. సంగీతం శ్రుతి కూడా కొద్దిగా పైకి పోతుంది. తేడా అంతకంటే ఎక్కువుంటే మాత్రం ఏదో దృశ్యం పోయినట్టే.

డీవీడీలో వేగంగా కదిలే చోట బొమ్మ గీతలు మాయమవుతున్నాయేంటి?

ఫిల్ము మీది దుమ్ము, గీరలు తుడవడానికి వాడిన సాఫ్ట్‌వేర్ చేసిన పని. ఒక్క ఫ్రేములో కనబడి తర్వాతి ఫ్రేములో లేనిది ఏదైనా దానికి మురికే. వేగంగా పోయే టామ్ తోక కూడా అంతే కదా. పాత డీవీడీల్లో కొన్నింట్లో ఈ లోపం ఉంది. డిస్కు మార్చినా పోదు, వేరే విడుదల వెతుక్కోవాల్సిందే. అసలు నెగెటివ్ నుంచి కొత్తగా తియ్యొచ్చు కదా అంటే, 1978లో అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే ఫొటో, సినిమా మ్యూజియం వారి ఫిల్ము గోదాములో జరిగిన అగ్నిప్రమాదంలో ఎం.జి.ఎం. తొలి కార్టూన్ల నెగెటివ్‌లు చాలా వరకు కాలిపోయాయి.

నెట్‌లో తెలుగు మాటలు పెట్టిన వీడియోలు చూడొచ్చా?

సరదాకి చూడొచ్చు, కార్టూన్ చూసినట్టు మాత్రం కాదు. మాటలు పెట్టడానికి వెనక సంగీతాన్ని తగ్గిస్తారు. దానితో ఏ అడుగు ఎక్కడ పడాలో చెప్పే దరువు పోతుంది. కాపీరైటుకు దొరక్కుండా బొమ్మను అద్దంలోలా తిప్పేవాళ్ళూ, జూమ్ చేసేవాళ్ళూ, వేగం మార్చేవాళ్ళూ ఉన్నారు. గోడ మీది అక్షరాలు తిరగబడి ఉంటే అనుమానించండి. హక్కులు ఇప్పుడు వార్నర్ వాళ్ళవి. వాళ్ళు అధికారికంగా పెట్టినవాటిలో ఈ గొడవ ఉండదు.

## పిల్లలతో చూసేటప్పుడు

నాలుగేళ్ళ పిల్లాడికి చూపించొచ్చా? కొట్టడం నేర్చుకోడా?

బాంబు పేలితే ముఖం మసిబారడం, మరుక్షణం మామూలైపోవడం పెద్దవాళ్ళకు జోకు. నాలుగేళ్ళవాడికి అది లోకం తీరు కావచ్చు. పక్కన కూర్చుని చూడండి. వాడు చేయగలిగిన వాటిని గమనించండి: ప్లగ్గులో తోక పెట్టడం, తలుపు సందులో వేళ్ళు, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్‌లో దూరడం. డైనమైటు మన ఇళ్ళలో ఉండదు కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు, ప్లగ్గు ఉంటుంది. అలాంటి చోట ఆపి "నిజంగా అయితే ఏమవుతుంది?" అని ఒక్క మాట అడిగితే చాలు. "ద టూ మౌస్కెటీర్స్" చివర్లో టామ్‌ను తల నరికే గిలటిన్ దగ్గరికి పంపుతారు. ఆరేడేళ్ళ లోపు వాళ్ళకు అది వద్దు.

ఒకేసారి ఎన్ని చూపించాలి?

రెండు, మహా అయితే మూడు. ఇవి పెద్ద సినిమాకు ముందు ఒక్కటి వేసేందుకు తీసినవి. వరసగా పది చూస్తే తరుముకోవడాలన్నీ ఒకేలా అనిపించి, అయిదో దానికే నవ్వు ఆగిపోతుంది. తప్పు కార్టూన్‌ది కాదు.

కొన్నింటికి ముందు హెచ్చరిక వస్తుంది, కొన్నింటిని అసలు వెయ్యరు. ఏముంది వాటిలో?

నల్లజాతివాళ్ళను ఎగతాళి చేసే ఆనాటి అలవాటు. కాళ్ళు మాత్రమే కనిపించే ఇంటి పనిమనిషి పాత్రకు లిలియన్ రాండాల్ఫ్ గొంతునిచ్చింది. ఆ మూస మీద నల్లజాతి సంఘాల నుంచి నిరసన వచ్చింది. 1952 తర్వాత ఆ పాత్ర లేదు. 1960లలో అమెరికా టీవీ కోసం కొన్నింట్లో ఆ కాళ్ళ స్థానంలో తెల్లావిడను గీసి గొంతు మార్చారు. ఒకే కార్టూన్ రెండు రకాలుగా కనిపించడానికి కారణం అదే. పేలుడు తర్వాత నల్లబడ్డ ముఖంతో వేసే జోకులు కూడా ఈ కోవలోవే. "మౌస్ క్లీనింగ్", "కాసనోవా క్యాట్" అనే రెండింటిని కొన్ని డీవీడీ సెట్లలో పూర్తిగా వదిలేశారు. 2006లో బ్రిటన్‌లో ఒక ప్రేక్షకుడి ఫిర్యాదు మీద పొగ తాగే దృశ్యాలు కూడా కొన్ని తీసేశారు. పెద్ద పిల్లలైతే దాచిపెట్టడం కంటే, ఇందులో తప్పేముందో చెప్పి చూపించడం మేలు.

## మీరే గీసి చూడాలంటే

ఇంట్లో చిన్న గ్యాగు ఒకటి చేయాలంటే ఎలా? ఏమేం కావాలి?

అంటుకునే చిన్న కాగితాల కట్ట, పెన్సిలు, ఫోన్లో ఏదైనా స్టాప్ మోషన్ యాప్ (వరసగా తీసిన ఫోటోలను వీడియోలా ఆడించేది). వేగం సెకనుకు 12 బొమ్మలకు పెట్టుకోండి. పిల్లి నెత్తిన కొబ్బరికాయ పడే నాలుగు సెకన్ల గ్యాగుకు 48 ఫోటోలు, ఇలా పంచండి:

1. పిల్లి నిలబడి పైకి చూడటం: 10.
2. ఏమీ జరగకుండా అలాగే నిలబడటం: ఒకే బొమ్మ, 12 సార్లు.
3. కాయ పడటం: 4. పదహారు సెంటీమీటర్ల ఎత్తయితే పై నుంచి 1, 4, 9, 16 సెంటీమీటర్ల దగ్గర గీయండి.
4. తల నొక్కుకుపోవడం: 2. వెడల్పు ఒకటిన్నర రెట్లు, ఎత్తు మూడింట రెండొంతులు.
5. తల మళ్ళీ పైకి పొడుగ్గా సాగడం: 4.
6. కదలకుండా మనవైపు చూడటం: ఒకే బొమ్మ, 10 సార్లు.
7. కళ్ళు ఒకసారి మూసి తెరవడం: 2.
8. కర్రలా పక్కకు ఒరిగిపోవడం: 4.

చేశాం, కానీ నవ్వు రావట్లేదు. ఎక్కడ తప్పింది?

ఎక్కువగా తప్పేది నాలుగు చోట్ల. కాయను సమాన దూరాల్లో గీస్తే అది పడినట్టుండదు, దారం కట్టి దించినట్టుంటుంది. తలకు తాకీ తాకని బొమ్మ ఒకటి మధ్యలో పెడితే దెబ్బ మెత్తబడుతుంది. గాల్లో ఉన్న కాయ నుంచి నేరుగా నొక్కుకుపోయిన తలకు దూకండి. నొక్కినప్పుడు ఎత్తు తగ్గించి వెడల్పు పెంచకపోతే తల చిన్నదైపోయినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువమంది చేసేది, ఏమీ జరగని ఆ 12 బొమ్మలు విసుగనిపించి తీసేయడం. ముందు దాన్ని 12 నుంచి 8కి, తర్వాత 16కి మార్చి, గ్యాగు సంగతి తెలియనివాళ్ళకు చూపించండి. గీసినవాడికి ఏది నవ్వొచ్చేదో మూడోసారికే తెలియకుండా పోతుంది. చప్పుడుకు టెంకాయ చిప్పలు రెండు కొట్టి రికార్డు చేసుకుని, సరిగ్గా తల నొక్కుకున్న మొదటి బొమ్మ దగ్గర పెట్టండి.